డోనా సమ్మర్ ‘స్ప్రింగ్ అఫేర్’: ఎనిమిదిన్నర నిమిషాల పాట, నాకు దక్కింది సగమే

సగంపాట (చర్చ మొదలుపెట్టినవారు)

డోనా సమ్మర్ పేరెత్తగానే ఎవరైనా ‘హాట్ స్టఫ్’ అంటారు. ఇంకాస్త లోతుగా వినేవాళ్లయితే ‘ఐ ఫీల్ లవ్’ అంటారు. రెండూ గొప్ప పాటలే, కాదనను. కానీ నాకు ప్రాణమైన పాట వేరే ఉంది. 1976 అక్టోబరులో వచ్చిన ‘ఫోర్ సీజన్స్ ఆఫ్ లవ్’ ఆల్బమ్‌లో మొట్టమొదటి పాట, ‘స్ప్రింగ్ అఫేర్’. ఇన్నేళ్లలో ఈ పాట గురించి తెలుగులో ఒక్కరు మాట్లాడగా వినలేదు. అందుకే ఈ చర్చ.

నా పేరు వెనక కథ కూడా చెప్పేస్తాను. 1986, విజయవాడ. గవర్నర్‌పేటలో క్యాసెట్లు ఎక్కించే కొట్టు ఒకటి ఉండేది. చీటీ మీద పాటలు రాసి, ఖాళీ క్యాసెట్ ఇస్తే రెండు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాడు. పాటకి రూపాయి. అక్కడ గోడకి వేలాడుతున్న ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) కవరు, మద్రాసు బర్మా బజారు నుంచి తెచ్చిందట, దాన్ని చూసి మనసుపడి ఈ పాట రాయించాను. అతను రికార్డు తిప్పి చూసి ‘ఇది ఎనిమిదిన్నర నిమిషాలు బాబూ, రెండు రూపాయలు అవుతుంది’ అన్నాడు. నేను ‘ఒక్క పాటేగా, ఒక్క రూపాయే ఇస్తా’ అన్నాను. కాసేపు వాదించుకున్నాం. చివరికి ‘సరే, రూపాయి పాటే ఎక్కిస్తా’ అన్నాడు. అతను ఒప్పుకున్నాడనుకుని సంబరపడ్డాను.

ఇంటికొచ్చి వింటే నాలుగు నిమిషాల దగ్గర టక్కున కోసేశాడు! మెల్లగా తగ్గించడం లేదు, ఏమీ లేదు. ఆ మరుక్షణమే ఇళయరాజా పాట మొదలు. పంతొమ్మిదేళ్లు ఆ సగం పాటే విన్నాను. 2005లో మా బావమరిది డల్లాస్ నుంచి సీడీ తెచ్చాకే మిగతా సగం విన్నాను. ఇంకెవరైనా విన్నారా ఈ పాట?

కొత్తగా_వచ్చా

నేను పుట్టిందే 2001లో. డిస్కో అంటే నాకు బప్పీ లహిరి, ఆయన మెడలో గొలుసులు, కృష్ణ గారి ‘సింహాసనం’. ఈ డోనా సమ్మర్ ఎవరండీ? తిట్టకండి ప్లీజ్.

బెజవాడ_బాబాయి

తిట్టేదేముంది తమ్ముడూ. డిస్కో రాణి ఆవిడ. 1948 డిసెంబరు 31న బోస్టన్‌లో పుట్టింది. అసలు పేరు లడోనా గెయిన్స్. చిన్నప్పుడు చర్చిలో పాడింది. 1968లో ‘హెయిర్’ అనే నాటకంలో వేషం దొరికితే జర్మనీలోని మ్యూనిక్ వెళ్లి, అక్కడే ఉండిపోయి, జర్మన్ భాష నేర్చేసుకుని, హెల్మూత్ సోమర్ అనే నటుణ్ణి పెళ్లి చేసుకుంది. సోమర్ కాస్తా సమ్మర్ అయింది. పెళ్లి నిలవలేదుగానీ పేరు నిలిచింది. అక్కడే జార్జియో మొరోడర్, పీట్ బెలాట్ అనే ఇద్దరు పరిచయమయ్యారు. ఒకాయన ఇటలీ వాడు, ఇంకొకాయన ఇంగ్లండ్ వాడు, పాడేది అమెరికా ఆవిడ, రికార్డింగేమో జర్మనీలో. మన సినిమావాళ్లు మద్రాసు వెళ్లి పని చేసినట్టే అనుకో.

సగంపాట గారూ, ఆ కొట్టు నాకూ తెలుసు. మీరు పిసినారితనం చేసి ఆయన్ని అంటే ఎలాగండీ.

సగంపాట

బాబాయ్, అప్పుడు నా జేబులో ఉన్నదే పదకొండు రూపాయలు. చీటీలో పదకొండు పాటలు.

మ్యూనిక్‌లో_మాగాయ

అయ్యో, ఈ చర్చ ఇప్పుడా చూడటం! ఆ పాట రికార్డు చేసిన బిల్డింగ్ పక్కనుంచే నేను రోజూ ఆఫీసుకి వెళ్తాను. అరబెల్లా హోఖ్‌హౌస్ అని, బోగెన్‌హౌజెన్ పేటలో పేద్ద బహుళ అంతస్తుల భవనం. పైన హోటలు, ఫ్లాట్లు. కింద సెల్లార్‌లో మొరోడర్ ‘మ్యూజిక్‌లాండ్’ స్టూడియో పెట్టాడు. లెడ్ జెప్పెలిన్ అనే రాక్ బృందం వాళ్లు 1975 చివర్లో ఒక ఆల్బమ్ అక్కడే చేశారు, తర్వాత క్వీన్ బృందం కూడా వచ్చారు. 90ల మొదట్లో మూతపడింది. పక్కన భూగర్భ మెట్రో వచ్చాక ఆ అదురు మైకుల్లోకి వస్తోందని మూసేశారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు.

మొదటి ఏడాది ఇక్కడ చలికి ఏడుపొచ్చేది. మార్చి నెలాఖరులో ఒకరోజు ఎండ కాసింది. మనకి అది ఎండే కాదు, పొద్దున ఏడింటి వెలుతురు. ఆ కాస్త వెలుతురుకే ఆఫీసు ఆఫీసంతా కోట్లు విప్పేసి పార్కులో గడ్డి మీద పడుకుంది! వసంతమంటే వీళ్లకి ఏమిటో ఆ రోజు అర్థమైంది నాకు. ‘స్ప్రింగ్ అఫేర్’ ఆ ఊళ్లో పుట్టిన పాట. మన దగ్గర వసంతమంటే ఉగాది పచ్చడి తినేసి ఫ్యాన్ వేసుకోవడమేగా.

రాగమాలిక

పాట ఒక్కదాన్నే తీసి వినడం ఆల్బమ్‌కి అన్యాయమండీ. మొత్తం ఒకే కథ అది. వసంతంలో ప్రేమ మొదలవుతుంది, వేసవిలో జ్వరంలా పెరుగుతుంది, శరత్తులో ఏదో తేడా తెలుస్తుంది, శీతాకాలానికి ఒంటరితనం. ‘స్ప్రింగ్ అఫేర్’, ‘సమ్మర్ ఫీవర్’, ‘ఆటమ్ ఛేంజెస్’, ‘వింటర్ మెలడీ’, ఆఖర్న మళ్లీ వసంతం: ‘స్ప్రింగ్ రిప్రైజ్’ అని మూడు నిమిషాల చిల్లర ముక్క. మనకి ఆరు ఋతువులు, పాపం వాళ్లకి నాలుగే, అయినా కథ సరిపోయింది.

ఎల్పీలో ఒక అందం ఉంది, సీడీలో వినేవాళ్లకి తెలీదు. మొదటి వైపు వసంతం, వేసవి. రెండు పాటలూ కలిపి పదహారు నిమిషాల పైచిలుకు. అక్కడితో ముల్లు లోపలి గీత దగ్గరికి వచ్చి కిర్రుమంటుంది. లేచి వెళ్లి రికార్డు తిరగెయ్యాలి. తిరగేస్తే శరత్తు. అంటే ప్రేమ చల్లారడం వినాలంటే మన చేత్తో మనమే రికార్డు తిప్పాలన్నమాట! మా నాన్నగారి దగ్గర ఈ రికార్డు ఉండేది. మా అమ్మ ఎప్పుడూ మొదటి వైపే పెట్టేది. రెండో వైపు కొత్త రికార్డులా మెరుస్తూ ఉండిపోయింది. మొదటి వైపు నిండా గీతలే.

ఆల్బమ్‌తో పాటు ఒక క్యాలెండరు కూడా ఇచ్చారు, డోనా సమ్మర్ ఫొటోలతో. మా ఇంట్లో అది లేదు. నాన్న తీసుకునేటప్పటికే ఎవరో కొట్టేశారు.

అన్నట్టు నా ఓటు ‘వింటర్ మెలడీ’కే.

సగంపాట

రాగమాలిక గారూ, మీ అమ్మగారికి నా నమస్కారాలు. మొదటి వైపు మనిషి! ‘వింటర్ మెలడీ’ మంచి పాటే, కానీ అది డిస్కోనా? అంత నెమ్మదిగా నడిస్తే ఎవరు ఆడతారు?

బెజవాడ_బాబాయి

జనం మాత్రం అక్కగారి వైపే ఉన్నారు తమ్ముడూ. అమెరికా పాప్ చార్టులో ‘స్ప్రింగ్ అఫేర్’ 58 దగ్గర ఆగిపోయింది, ‘వింటర్ మెలడీ’ 43 దాకా ఎక్కింది. ఇంగ్లండ్‌లో 27. డిస్కో క్లబ్బుల చార్టులో మాత్రం ఆల్బమ్ పాటలన్నీ కలిపి ఒకటో స్థానం కొట్టాయి. అప్పట్లో ఆ చార్టులో ఆల్బమ్ మొత్తాన్ని ఒక్క పేరు కింద లెక్కేసేవాళ్లు. అంటే క్లబ్బులో పూర్తి పాట ఆడింది, రేడియోలో కత్తిరించిన పాట ఆడలేదు. సింగిల్ (ఒక్క పాట కోసం వేసే చిన్న రికార్డు) కోసం ఎనిమిదిన్నర నిమిషాల పాటని నాలుగు లోపుకి కోశారు కదా.

కాబట్టి గవర్నర్‌పేట కొట్టువాడు చేసిన పనే రికార్డు కంపెనీవాళ్లూ చేశారు. ఇంకేం అంటావు?

సగంపాట

వాళ్లు కనీసం అతుకు తెలియకుండా కోశారు బాబాయ్!

సన్నాయి_నొక్కులు

నాకు ఒకటి అర్థం కాదు. ధన్ ధన్ ధన్ ధన్ అని ఎనిమిది నిమిషాలు ఒకే దెబ్బ. ఇందులో సంగీతం ఎక్కడుంది? సుశీలమ్మ పల్లవిలో ఒక్క చోట గొంతు జార్చి లేపితే చాలు, ఈ ఆల్బమ్ మొత్తం దిగదుడుపు. మెషిన్లు వాయించిన పాటకి ఇంత ముచ్చటా?

మ్యూనిక్‌లో_మాగాయ

సన్నాయి గారూ, మెషిన్ల పాట ఇది కాదండీ. అది ‘ఐ ఫీల్ లవ్’, తర్వాతి సంవత్సరం, 1977లో. అందులో మోగ్ సింథసైజర్ (కరెంటుతో స్వరాలు పుట్టించే మెషిన్) పెట్టి బేస్, అంటే కింది స్వరాలు, అంతా దాంతో లాగించారు. దాంట్లో కూడా కిక్ డ్రమ్ మాత్రం కీత్ ఫోర్సీ అనే మనిషి కాలితో తొక్కిందే, మెషిన్‌లో ఆ దెబ్బ సరిగ్గా రాలేదని. ‘స్ప్రింగ్ అఫేర్’లో మీకు వినిపించే వయొలిన్లు వయొలిన్లే, మనుషులు కూర్చుని వాయించినవే.

మద్దెల_మాస్టారు

నేను మృదంగం మనిషిని, రాజమండ్రి. నా శిష్యుడు ఈ చర్చ చూపించాడు. డిస్కో అంటే నాకూ సన్నాయి గారి అభిప్రాయమే ఉండేది. నిన్న రాత్రి భోజనం అయ్యాక పాట పెట్టించుకుని, అలవాటు కొద్దీ తొడ మీద ఆది తాళం వేస్తూ విన్నాను.

ఒకటి గమనించాను. కింద పెద్ద డ్రమ్ము ప్రతి అక్షరానికీ, అంటే తాళంలో ప్రతి లెక్కకీ పడుతోంది, సమానంగా. దాని మీద రెండు తాళాల్లాంటిది, హై-హ్యాట్ అంటారట, అది దెబ్బ మీద కాకుండా దెబ్బకీ దెబ్బకీ సరిగ్గా మధ్యలో తెరుచుకుని ‘ట్స్’ అంటోంది. కాలు కింద పడటానికి డ్రమ్ము, పైకి లేవటానికి ఆ ‘ట్స్’. అందుకే కూర్చున్నా ఒళ్లు ఊగుతుంది. మనకి అనాగతం, అతీతం అని, పాటని తాళం దెబ్బ మీద కాకుండా ముందో వెనకో ఎత్తుకునే ఎత్తుగడలున్నాయి చూడండి, వీళ్లు ఆ అరక్షరాన్ని పాట పొడుగునా ఒకే వాద్యానికి అప్పగించేశారు.

ఇక మార్పులు. వయొలిన్లు రావాలన్నా, గొంతు తప్పుకోవాలన్నా, ఎక్కువగా నాలుగు ఆవర్తనాలకి (తాళం ఒక చుట్టు ఒక ఆవర్తనం) ఒకసారి, సమం మీదే, అంటే చుట్టు మొదటి దెబ్బ మీదే జరుగుతోంది. ముప్పై రెండు అక్షరాలన్నమాట. ఒకే దెబ్బ అన్నారు సన్నాయి గారు. దెబ్బ ఒకటే. మా తంబూరా కూడా కచేరీ అంతా ఒకే శ్రుతి కదండీ, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

సన్నాయి_నొక్కులు

మాస్టారు తంబూరా తెచ్చి అడ్డం పెట్టాక నేనేం మాట్లాడను. సరే, మళ్లీ వింటాను. గమకం మాత్రం లేదు.

రాగమాలిక

గమకం లేదు, నిజమే. ఊపిరి ఉంది. ఆవిడ పదం పలకడానికి ముందు తీసుకునే ఊపిరి కూడా మైకులో పడనిచ్చారు. 1975లో ‘లవ్ టు లవ్ యూ బేబీ’తో ఆవిడకి ఆ గుసగుస గొంతు అంటగట్టారు. కాసబ్లాంకా రికార్డ్స్ యజమాని నీల్ బోగార్ట్ పొడుగు చెయ్యమంటే దాదాపు పదిహేడు నిమిషాలు చేశారు, ఎల్పీలో ఒక వైపంతా ఆ ఒక్క పాటే. అమెరికాలో రెండో స్థానం దాకా వెళ్లింది. కానీ దాంతో ఆవిడ గొంతంటే మూలుగే అన్నట్టు అయిపోయింది. చర్చిలో గొంతెత్తి పాడిన మనిషి! 1978లో ‘మెకార్థర్ పార్క్’తో మొదటిసారి అమెరికాలో ఒకటో స్థానం కొట్టింది చూడండి, అందులో గొంతు ఎలా ఎగురుతుందో.

‘స్ప్రింగ్ అఫేర్’ ఈ రెంటికీ మధ్యలో ఉంది. గుసగుసతో మొదలెట్టి మెల్లమెల్లగా అసలు గొంతు బయటపెడుతుంది. ప్రేమ సంగతి ముందు చెవిలో చెప్పి, ఆగలేక వీధంతా వినిపించేలా చెప్పేసినట్టు. మాటలు రాయడంలో ఆవిడ చెయ్యి కూడా ఉంది, అది కూడా ఒక కారణమేమో. నాకు ఈ పాటలో నచ్చేది అదొక్కటే. అదొక్కటీ చాలు.

కొత్తగా_వచ్చా

మన పాటల్లో ఇలా గుసగుసగా పాడిందెవరు? ఎల్.ఆర్. ఈశ్వరి గారా?

బెజవాడ_బాబాయి

ఈశ్వరి గారు ఉన్నారు, జానకి గారు ఉన్నారు. కానీ అసలు ఆశ్చర్యం సుశీలమ్మ. సన్నాయి వినాలి ఇది. 1978లో తమిళంలో ‘ప్రియ’ అని రజనీకాంత్, శ్రీదేవి సినిమా. ఇళయరాజా సంగీతం. అందులో ‘డార్లింగ్ డార్లింగ్’ అని పాశ్చాత్యపు ఊపుతో ఒక పాట, శ్రీదేవికి. ఎవరు పాడారనుకున్నావు? మన విజయనగరం సుశీలమ్మే. భక్తి పాటల గొంతని మనం దణ్ణం పెట్టుకుంటామే, ఆ గొంతే. తెలుగువాళ్లలో చాలామందికి తెలీదు.

సన్నాయి_నొక్కులు

బాబాయ్, నా మీద సుశీలమ్మనే ప్రయోగిస్తారా!

బెజవాడ_బాబాయి

ఇంకోటి. ఆ 1976లోనే ఇంగ్లండ్‌లో టీనా చార్ల్స్ పాడిన ‘ఐ లవ్ టు లవ్’ ఒకటో స్థానంలో ఉంది. దాన్ని తయారుచేసింది బిడ్డూ, మన పక్కనే బెంగళూరు కుర్రాడు. తర్వాత ‘ఖుర్బానీ’ అనే హిందీ సినిమాలో నాజియా హసన్ చేత ‘ఆప్ జైసా కోయీ’ పాడించాడు. కాబట్టి డిస్కో పరాయిది పరాయిది అని ఎవరూ గుండెలు బాదుకోనక్కర్లేదు.

నిర్వాహకుడు

మిత్రులారా, పాట సాహిత్యం మొత్తం పేస్ట్ చేసిన ఒక సందేశం తీసేశాను. కాపీరైట్ గొడవలు మనకొద్దు. పాట గురించి మాట్లాడుకోండి, పాటని ఎక్కించకండి. చర్చ బాగుంది.

కొత్తగా_వచ్చా

విన్నానండీ! ఈ రోజు ఉదయం మెట్రోలో. మియాపూర్‌లో రైలు కదలగానే మొదలుపెడితే బాలానగర్ దాటాక అయింది. నిజం చెప్పాలంటే మొదటి రెండు నిమిషాలు బోరు కొట్టింది, కేపీహెచ్‌బీ దగ్గర స్కిప్ చేద్దామని ఫోన్ తీశాను కూడా. అప్పుడే గొంతు ఆగిపోయి సంగీతం ఒక్కటే నడవడం మొదలైంది. నిలబడ్డాను కదా, రైలు ఊపూ పాట ఊపూ కలిసిపోయాయి. ఎదురుగా ఉన్న ఆంటీ నా కాలి వైపు చూసి నవ్వింది. కుక్కట్‌పల్లిలో జనం తోసుకుంటూ ఎక్కుతుంటే ఆవిడ గొంతు మళ్లీ వచ్చింది. ఏదో తెలిసినవాళ్లు రైలెక్కినట్టు అనిపించింది.

ఇప్పుడు మా జనరేషన్ పాటలు రెండున్నర నిమిషాలే. దాంట్లో కూడా రీల్‌కి పనికొచ్చే పదిహేను సెకన్లే వింటాం. సగంపాట గారు సగం విన్నానని బాధపడుతున్నారు, నా ప్లేలిస్ట్‌లో ఏ పాటా సగం కూడా దాటదు.

సగంపాట

నీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను బాబూ.

ఒక విచిత్రం చెప్పనా. పూర్తి పాట దొరికి ఇరవై ఏళ్లు దాటింది. ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇప్పటికీ నాలుగు నిమిషాల దగ్గరికి రాగానే చెవి రిక్కించుకుంటుంది, ఇళయరాజా పాట మొదలవుతుందని! అది రాదు. డోనా సమ్మర్ పాడుతూనే ఉంటుంది. ఆ ఒక్క క్షణం ఎవరో అప్పు వద్దులే అన్నట్టు ఉంటుంది.

మద్దెల_మాస్టారు

ఆ క్యాసెట్ ఇంకా ఉందా మీ దగ్గర? ఉంటే ఒక పని చెయ్యండి. తాళం వేస్తూ మొదటి డ్రమ్ము దెబ్బ నుంచి లెక్కపెట్టండి. ఎనిమిదికి ఒక ఆవర్తనం. సరిగ్గా ఎక్కడ కోశాడో చెప్పండి. ఊరికే, కుతూహలం.

సగంపాట

అటక మీద నుంచి దింపాను. టేపు కాస్త సాగింది, పాట నీళ్లలోంచి వస్తున్నట్టుంది. మా ఆవిడ ఆవర్తనాలు కాగితం మీద గీతలు గీస్తుంటే నేను తొడ మీద వేశాను. రెండుసార్లు తప్పి, మూడోసారి కుదిరింది. అరవై ఆవర్తనాలు పూర్తి. అరవై ఒకటో దాంట్లో ఐదో అక్షరం మీద కట్.

మద్దెల_మాస్టారు

అంటే లఘువు (మొదటి నాలుగక్షరాలు) పూర్తిచేసి, ద్రుతం (తర్వాతి రెండక్షరాలు) దెబ్బ వేసి, చెయ్యి తిప్పేలోపు కోసేశాడు. ఇంకో మూడక్షరాలు ఆగి ఉంటే సమానికి వచ్చేవాడు. అరవై ఆవర్తనాలు నడిచి గుమ్మం ముందు పడిపోవడమంటే ఇదే.

బెజవాడ_బాబాయి

పాపం, ఆయనకి తాళం తెలీదు మాస్టారూ. రేటు తెలుసు.

రాగమాలిక

సగంపాట గారూ, ఆ క్యాసెట్ మళ్లీ అటకెక్కించకండి. తర్వాత వచ్చే ఇళయరాజా పాట ఏదో ఇంతవరకూ చెప్పనే లేదు మీరు.

సగంపాట

అది కూడా సగమేనండీ. అక్కడ టేపు అయిపోయింది.